బారువడ్డీ అనే సరళరేఖ

“గణితానికి భాషతో ఏం పనండీ? అంకెలు ఏ దేశంలోనైనా అంకెలే కదా!”

ఈ వాక్యాన్ని నేను ఇరవయ్యేళ్ళుగా వింటున్నాను. పిల్లల చదువు ఏ భాషలో సాగాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, చరిత్రకూ సాంఘికశాస్త్రానికీ తెలుగు పనికొస్తుందని ఒప్పుకునే పెద్దమనుషులు సైతం గణితం దగ్గరికి వచ్చేసరికి ఈ వాక్యంతో తలుపు మూసేస్తారు. వినడానికిది స్వతస్సిద్ధసత్యంలా ఉంటుంది. కానీ ఇది అసత్యమని నా వాదం. నిరూపించడానికి పెద్ద గణితం కూడా అక్కరలేదు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పిల్లలందరూ వల్లించే సరళరేఖా సమీకరణం ఒక్కటి చాలు.

వాదానికి ముందు ఒక ఇంటి సంగతి చెబుతాను.

మా అక్కవాళ్ళది కడప జిల్లాలో మైదుకూరుకు దగ్గరి పల్లె. కె.సి. కాలువ చివరి ఆయకట్టు. చివరి ఆయకట్టు అంటే సీమవారికి విడమర్చి చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం చెబుతున్నాను: కాగితం మీద అది కాలువ కింది పొలం, కళ్ళెదుట మాత్రం బోరు కింది పొలం. ఆ బోరు కోసమే ఆరేళ్ళ కిందట మా బావ ఊళ్ళో ఒకరి దగ్గర నోటు రాసిచ్చి లక్ష రూపాయలు తెచ్చాడు. వడ్డీ నూటికి రెండు. పల్లెల్లో నూటికి రెండంటే నెలకు నూరు రూపాయలకు రెండు రూపాయలని. మూడేళ్ళకు నోటు తిరగరాశాడు. మళ్ళీ మూడేళ్ళు నిండి, రెండోసారి తిరగరాయవలసిన సమయానికి గత వేసవిలో నేనక్కడున్నాను.

మా మేనల్లుడు అప్పుడే ఇంటర్మీడియట్ ముగించుకొని ఇంటికి వచ్చాడు. రెండేళ్ళు ఒక కార్పొరేట్ కళాశాల హాస్టలులో, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా, ఒకప్పటి ఎంసెట్టు, ఇప్పటి ఈఏపీసెట్టు కోసం నూరిపోయించుకున్నాడు. గణితంలో మార్కులకు లోటు లేదు. వాణ్ణి పిలిచి, “ఒరేయ్, మీ నాయన బాకీకి ఒక సమీకరణం రాయి, చూద్దాం” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి అడిగాడు:

“యా ఫారంలో మామా? పాయింట్లు రెండిచ్చినారా, స్లోపు ఇచ్చినారా?”

నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నలో మన గణిత బోధన జాతకం మొత్తం ఉంది.

వాడికి సరళరేఖ సమీకరణాలు ఆరు రూపాల్లో వచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాల మాటల్లో చెప్పాలంటే వాలు-అంతరఖండ రూపం, బిందు-వాలు రూపం, రెండు బిందువుల రూపం, అంతరఖండ రూపం, అభిలంబ రూపం, సౌష్ఠవ రూపం. ఏ రూపానికి ఏ అడ్డదారి పనిచేస్తుందో, ఎన్ని సెకన్లలో జవాబు గుర్తించాలో వాడికి కంఠతా. “వై ఈజీక్వల్టు ఎమ్మెక్స్ ప్లస్ సీ” అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ వాడు చదివిన ప్రతి లెక్కలోనూ వాలు “ఇవ్వబడింది”. బిందువులు “ఇవ్వబడినవి”. జీవితంలో వాలును ఎవరూ ఇవ్వరు. ఏది వాలో, ఏది మొదలో మనమే గుర్తుపట్టాలి. సమీకరణం రాయడమంటే అసలు అర్థం ఆ గుర్తుపట్టడమే. తక్కినది ప్రతిక్షేపణం. ఆ పని యంత్రం కూడా చేస్తుంది.

నేను వాణ్ణి మళ్ళీ తెలుగులో అడిగాను. “మొదట తెచ్చిందెంత?” “లక్ష.” “నెలకెంత పెరుగుతుంది?” “రెండువేలు.” “మరి రాయి.” అప్పుడు రాశాడు:

బాకీ = 1,00,000 + 2,000 × నెలలు

రాసి, తలెత్తి, “ఇది స్ట్రెయిట్ లైనే కదా మామా!” అన్నాడు. రెండేళ్ళు సరళరేఖలతో కాపురం చేసినవాడు సొంత ఇంట్లో ఒక సరళరేఖ ఉందని పదిహేడో ఏట కనుక్కున్నాడు.

ఇక్కడ మన భాష సంగతి కాస్త చూడండి. అసలుకు మాత్రమే వడ్డీ కట్టే పద్ధతిని బడిపుస్తకాల్లో ఏమంటారు? బారువడ్డీ. బారు అంటే నిడుపు, వరస. పిల్లలు బారులు తీరారంటాం, బారుగా సాగిన గీత అంటాం. వడ్డీకి వడ్డీ పుట్టే పద్ధతినేమంటారు? చక్రవడ్డీ. తిరిగేది, తిరిగి తన మీదికే వచ్చేది. నేను మాటల పుట్టుక శాస్త్రం చెప్పబోవడం లేదు. ఈ రెండు మాటలూ తెలిసిన పిల్లవాడికి గ్రాఫు కాగితం మీద ఒకటి గీతగా సాగుతుందనీ, రెండోది వంపు తిరుగుతుందనీ చెప్పడం ఎంత సులువో గమనించండంటున్నాను. అదే పిల్లవాడికి “సింపుల్ ఇంటరెస్టు”, “కాంపౌండు ఇంటరెస్టు” అని నేర్పితే ఆ రెండు మాటలు రెండు సూత్రాలుగా మిగులుతాయి. బొమ్మ కనిపించదు. గణితానికి భాషతో పని లేదనేవారికి నా మొదటి జవాబు ఇది.

రెండో జవాబు మా బావ నోటులోనే ఉంది.

ప్రాంసరీ నోటుకు చట్టరీత్యా మూడేళ్ళే కాలపరిమితి. అందుకని మూడేళ్ళు నిండకముందే నోటు తిరగరాయించుకుంటారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలుపుతారు. మొదటి మూడేళ్ళకు, అంటే 36 నెలలకు, బాకీ 1,72,000 అయింది. కొత్త నోటు ఆ మొత్తానికి రాశారు. వడ్డీ మాత్రం పాతదే, నూటికి రెండే. “రేటేమీ పెంచల్యా, మంచోడు” అని మా బావ ఆ ఇచ్చినాయన గురించి గౌరవంగానే చెప్పాడు. నిజమే, రేటు పెంచలేదు. కానీ వాలు పెరిగింది. నెలకు 2,000గా ఉన్నది ఆ ఒక్క సంతకంతో 3,440 అయింది. రేటు వేరు, వాలు వేరు. ఈ తేడాను ఒక పల్లెటూరి రైతుకు చెప్పగలిగిన శాస్త్రం మన దగ్గరుంది. దాన్ని మనం హాస్టలు గదుల్లో పెట్టి తాళం వేశాం.

మేనల్లుడు రెండో గీత రాశాడు:

బాకీ = 1,72,000 + 3,440 × (నెలలు − 36)

ఇదే బిందు-వాలు రూపం. పుస్తకంలో ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ దాని అర్థం “నువ్విప్పుడు నిలబడిన చోటినుంచి లెక్కపెట్టు” అని. దీన్నే బలవంతాన వాలు-అంతరఖండ రూపంలోకి మారిస్తే అంతరఖండం 48,160 వస్తుంది. అంటే బావ ఆరేళ్ళ కిందట 48,160 తెచ్చినట్టు! అలాంటి అప్పు ఎవరూ తేలేదు, ఎవరూ ఇవ్వలేదు. గీతను వెనక్కి సాగదీస్తే దొరికిన ఉత్తుత్తి అంకె అది. ఒక రూపాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణను నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు.

72వ నెలకు రెండో గీత చూపే బాకీ 2,95,840. మొదటి గీతే కొనసాగి ఉంటే 2,44,000. తేడా 51,840 రూపాయలు. ఒక సంతకం ఖరీదు. ఇప్పుడు మళ్ళీ తిరగరాస్తే నెలవాలు 5,916 రూపాయల 80 పైసలు. బారువడ్డీ అని పేరు పెట్టుకొని మూడేళ్ళకొకసారి చక్రం తిరుగుతోంది.

ఇక కాలువ సంగతి. మాస్టర్లు ఎవరైనా చదువుతుంటే ఈ భాగం వారికోసం.

కర్నూలు-కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. నష్టాలపాలైన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మధ్యలో 1876-78 నాటి కరువు వచ్చింది. మా పెద్దలు ధాత కరువంటారు. కాలువ ఉన్నా సీమ ఎండిపోయింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, కర్నూలు ఊళ్ళోనే హంద్రిని దాటి, కడప దాకా 190 మైళ్ళు, అంటే దాదాపు 306 కిలోమీటర్లు సాగుతుంది. కర్నూలు నుంచి కడపకు రోడ్డు మీద వెళితే సుమారు 200 కిలోమీటర్లే. సుంకేసుల దూరం కలుపుకున్నా కాలువకు అన్ని ఎక్కువ కిలోమీటర్లు ఎందుకు?

ఎందుకంటే కాలువ పటంలో వంకరగా పోయి వాలులో సూటిగా ఉండాలని చూస్తుంది. నేల ఎత్తుపల్లాలను బట్టి మలుపులు తిరుగుతూ, అడుగు మాత్రం దూరానికి ఇంత అని ఒకే లెక్కన దిగేలా తవ్వుతారు. వాలు ఎక్కువైతే నీళ్ళు గట్లు కోసేస్తాయి. తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. నేల మరీ తొందరగా దిగిపోయే చోట లాకు కట్టి కాలువను ఒక్కసారిగా కిందికి దించి, మళ్ళీ పాత వాలుతోనే నడిపిస్తారు. లాకు దగ్గర మొదలు మారుతుంది, వాలు మారదు. నోటు తిరగరాసిన రోజున రెండూ మారాయి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూపితే పిల్లవాడు ఇక జన్మలో వాలునూ అంతరఖండాన్నీ కలగాపులగం చెయ్యడు.

రెండు బిందువుల రూపానికి కర్నూలు, కడపలే రెండు బిందువులు. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది, కడప సుమారు 140. రెండువందల కిలోమీటర్లకు 130 మీటర్ల దిగుడు. కిలోమీటరుకు 65 సెంటీమీటర్లు. మరి కర్నూలుకు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాల ఎత్తెంత ఉండాలి? గీత చెప్పేది సుమారు 225. ఉన్నది సుమారు 200. పాతిక మీటర్ల తేడా! ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. రెండు బిందువులుంటే గీత ఎప్పుడూ దొరుకుతుంది. దొరికిన గీత నిజమో కాదో మూడో బిందువును అడగాలి. బోరుబావుల లోతు గురించి, పంటల దిగుబడి గురించి, రెండు సంవత్సరాల అంకెలు పట్టుకొని ఇరవయ్యేళ్ళ జోస్యం చెప్పేవారందరినీ మన పిల్లలు అడగవలసిన ప్రశ్న ఇది: “నంద్యాల ఎక్కడ?”

అంతరఖండ రూపం కూడా మనకు కొత్త కాదు. చెరువులో ఉన్న నీళ్ళు నాలుగెకరాల వరికి సరిపోతాయి, లేదా పన్నెండెకరాల ఆరుతడి పంటకు సరిపోతాయనుకుందాం. ఒక ఎకరం వరి వేస్తే ఆరుతడి తొమ్మిదెకరాలు, రెండెకరాలు వేస్తే ఆరు. వరి ఎకరాలను నాలుగుతో, ఆరుతడి ఎకరాలను పన్నెండుతో భాగించి కూడితే ఒకటి రావాలి. ఆ ఒకటి ఏమిటి? చెరువు. మొత్తం చెరువు. సమీకరణంలో కుడివైపున ఆ ఒకటి ఎందుకుంటుందో నాకు ఇంటర్మీడియట్‌లో ఎవరూ చెప్పలేదు. నీళ్ళు పంచుకునే రైతును అడిగి ఉంటే చెప్పేవాడు.

ఇప్పుడు ఆక్షేపణలకు వద్దాం.

మొదటిది: “ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగాలెలా?” 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చడానికి ఉత్తర్వు ఇచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టివేసినప్పుడూ ఈ ప్రశ్నే మారుమోగింది. నేను ఆ ప్రశ్న వేసే తల్లిదండ్రులను తప్పుపట్టను. ఉద్యోగాల తలుపులకు ఇంగ్లీషు తాళాలు వేసిపెట్టి, తాళపుచెవి అడిగిన కూలివాణ్ణి భాషాద్రోహి అనడం అన్యాయం. తమ పిల్లలను ఇంగ్లీషు బళ్ళకు పంపుకుంటూ ఊరి పిల్లలకు తెలుగు గొప్పదనం బోధించేవారిలో నేను లేను. ఇంగ్లీషు నేర్పండి, బాగా నేర్పండి. కానీ పిల్లవాడు తనకు తెలిసిన లోకాన్ని సమీకరణంగా మార్చే మొదటి మెట్టును తనకు తెలిసిన భాషలో ఎక్కనివ్వండి. ఎక్కినవాడు దానిని ఏ భాషలోకైనా మార్చుకోగలడు. ఎక్కనివాడు ఏ భాషలోనైనా “యా ఫారంలో?” అనే అడుగుతాడు. తర్వాత ఒక పుటలో ఆంగ్లమూ ఎదుటి పుటలో తెలుగూ ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మంచిదే. అయితే రెండు పుటల్లోనూ ఒకటే “ఇవ్వబడింది” ఉంటే పుట మార్చి లాభమేమిటి?

రెండో ఆక్షేపణ మనవాళ్ళది, భాషాభిమానులది. “పారిభాషిక పదాలు సంస్కృతంలో ఉంటేనే గాంభీర్యం.” అయ్యా, వాలు అన్న మాటను నిలబెట్టినందుకు తెలుగు అకాడమీకి దండం. అంతరఖండం మాత్రం ఇంగ్లీషు ఇంటర్‌సెప్టు కంటే ఒక్క మెట్టు కూడా దగ్గర కాదు. పాఠం చెప్పేటప్పుడైనా దాన్ని “మొదలు” అనుకుంటే కొంప మునగదు. ఆ అక్షరాలేమైనా వేదమంత్రాలా? మనం “ఎమ్మెక్స్ ప్లస్ సీ” అంటాం, అమెరికావారు సీ బదులు బీ అంటారు, స్వీడనువారు వాలును కే అనీ మొదలును ఎం అనీ రాసుకుంటారు. గీత ఎవరి మీదా అలగలేదు.

మూడోది: “పెద్ద గణితమంతా పరాయి భాషల్లోనే పుట్టింది కదా!” పుట్టింది. ఎలా పుట్టిందో కూడా చూడండి. నిరూపకాల జ్యామితికి ఆద్యుడని మనం చెప్పుకునే డెకార్ట్ 1637లో తన పుస్తకాన్ని పండితుల లాటినులో రాయలేదు. ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలో రాశాడు. మన సంగతికొస్తే, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేసి శతాబ్దాలు గడిచాయి. లెక్క తెలుగులో ఇమడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఇదంతా మీకే ఎందుకు చెబుతున్నానంటే, ఈ రకం మాటలు మనం ఒకసారి విన్నవాళ్ళం. కంప్యూటరులో తెలుగు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో “జాలంలో తెలుగెందుకండీ, ఎవరు చదువుతారు?” అన్నారు. మనం వాదించి గెలవలేదు. రాసి గెలిచాం. ఇక్కడా అదే దారి. మీ ఊళ్ళో ఒక సరళరేఖ ఉంటుంది. ట్రాక్టరు బాడుగో, కరెంటు బిల్లో, చీటీపాటో, కాలువో. దాన్ని ఒక లెక్కగా, మంచి తెలుగులో, “ఇవ్వబడింది” అన్న మాట లేకుండా రాయండి. వంద లెక్కలు పోగుపడితే అది ఏ కార్పొరేట్ కళాశాలా అమ్మలేని పుస్తకమవుతుంది.

మా మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. బావ ఇంట్లో ముప్పై క్వింటాళ్ళ పసుపు ఉంది. వ్యాపారి క్వింటాలుకు ఏడువేలకు అడిగి పోయాడు. ధర పెరుగుతుందని బావ దాచాడు. వాడు నేను అడగకుండానే కాగితం తిప్పి ఇంకో లెక్క వేశాడు. “నాయనా, బాకీ నెలకు నూటికి రెండు పెరుగుతాంది. పసుపు ధర నెలకు నూటనలభై పెరగకపోతే దాచి లాభం లేదు” అన్నాడు. బావ చాలాసేపు ఆ కాగితం కేసి చూశాడు. పసుపు అమ్మి వడ్డీ కట్టేసి, మిగిలినదానితో అసలు తగ్గించుకుందామని ఆ రాత్రే తీర్మానమైంది. తర్వాత, కోపంగా కాదు, మెల్లగా అడిగాడు:

“మూడేండ్ల కింద నోటు తిరగరాసేటప్పుడు యాల చెప్పలేదురా ఈ మాట?”

“అప్పుడు తొమ్మిదో తరగతిలో ఈ పాఠమే చదువుతాంటి నాయనా. ఇది మన నోటు గురించని ఎవురూ చెప్పల్యా.”